సెకనుకు ఎనిమిది దెబ్బలు

ఉపేందర్ ఎడమచేతి ఉంగరపువేలు మహా మొండిది. ముందు దాని సంగతే చెప్పుకోవాలి. ఎందుకంటే ఈ మనిషి ఇరవై తొమ్మిదో ఏట నుంచి ముప్ఫై మూడో ఏట దాకా కొట్లాడిందంతా దానితోనే. మిగతా వేళ్ళు చెప్పిన మాట వింటాయి. ఇది వినదు. పక్కనున్న చిటికెన వేలు లేస్తే లేస్తుంది, అది పడుకుంటే పడుకుంటుంది. ఒక్కదాన్నే కదలమంటే నన్ను కాదన్నట్టు ఉన్నచోటనే ఉంటుంది.

బొగ్గుబావిలో పనిచేసేవాడికి వేళ్ళతో కొట్లాటేమిటని మీరు నవ్వుతారు. నవ్వండి. కాలనీ అంతా నవ్వింది, మీరొక లెక్కా!

గోదావరిఖనిలో ఉపేందర్‌ది రెండు గదుల క్వార్టరు. తల్లి కనకవ్వ, తను, అంతే. తండ్రి రాజం ముప్ఫై ఏళ్ళు బావిలో చేసి, నడుము పోయి అన్‌ఫిట్ అయితే ఆ ఉద్యోగం కొడుక్కు వచ్చింది. తర్వాత రెండేళ్ళకు రాజం కాలం చేశాడు. ఉపేందర్ భూమి లోపల బెల్టు ఆపరేటరు. ఒక బెల్టు మీద వచ్చే బొగ్గు ఇంకో బెల్టు మీద పడే మలుపు దగ్గర, స్విచ్చు పక్కన, టోపీకి లైటు పెట్టుకొని షిఫ్టంతా కూర్చోవాలి. బొగ్గు ఇరుక్కుంటే ఆపాలి, తీసేశాక నడపాలి. పక్కన మాట్లాడే మనిషుండడు. సెల్‌ఫోను లోపలికి తేనివ్వరు. సూపర్‌వైజరు ఒకసారి వచ్చి, "ఏందిరా, అంతా మంచిదేనా?" అని అడిగి పోతాడు. ఆ ఒక్క మాటతో ఎనిమిది గంటలు గడవాలి.

ఇక ఆ సంగీతం. ఐటీఐ చదివేటప్పుడు మంచిర్యాలలో రూమ్మేటు ఒకడు ఇయర్‌ఫోను అతని చెవిలో పెట్టి, "ఇది విను, సస్తవ్" అని పకపకా నవ్వాడు. ఎక్స్‌ట్రీమ్ మెటల్ అంటారట దాన్ని. పాడేవాడు కడుపులో నుంచి బొబ్బరిస్తున్నాడు. గిటార్లు ఒకదాని మీద ఒకటి పడి పొర్లుతున్నాయి. రూమ్మేటు తన చెవిది పది సెకన్లకే పీకేశాడు. ఉపేందర్ మాత్రం అట్లాగే కూర్చుండిపోయాడు. ఆ హోరంతటి కింద ఎవడో ఒకడు, ఎక్కడా తొందరపడకుండా, ఒక్కో దెబ్బా లెక్కపెట్టి కొడుతున్నాడు. అది అతనికి వినిపించింది. ఆ రూమ్మేటుకు వినిపించలేదు. ఆ తర్వాత ఇంకెవరికీ వినిపించలేదు. ఉపేందర్ ఒంటరితనం మొదలైంది అక్కడే.

ఆ వేగం చేతితో వచ్చేది కాదని ఫోన్లో వీడియోలు చూసి తెలుసుకున్నాడు. నిమిషానికి రెండువందల నలభై తాళం. అంటే తాళానికి రెండేసి చొప్పున ఒక్కో చెయ్యి సెకనుకు ఎనిమిది దెబ్బలు వెయ్యాలి. భుజంతో కొడితే అర నిమిషానికే చెయ్యి బండరాయైపోతుంది. మణికట్టుతో కొడితే ఇంకో అర నిమిషం. వేళ్ళతో కొట్టాలి. బొటనవేలు, చూపుడువేలు కర్రను ఊరికే పట్టుకుంటాయి, అంతే. వెనకున్న మూడు వేళ్ళు దాన్ని లోపలికి లాగి వదులుతాయి. కర్ర పడుతుంది, లేస్తుంది, లేచినదాన్ని వేళ్ళు మళ్ళీ లాగుతాయి. చూసేవాళ్ళకు చెయ్యి కదిలినట్టే ఉండదు.

వినడానికి ఎంత సులువు! నేర్చుకోబోతే తాతలు దిగొచ్చారు.

డ్రమ్ములు కొనే ముచ్చటే లేదు. కొన్నా క్వార్టర్లో పెట్టే జాగా లేదు, పెట్టినా పక్కింటి సారవ్వ బతకనివ్వదు. మా దిక్కు కాలనీల్లో అరిగిపోయిన కన్వేయర్ బెల్టు ముక్కలు ఇంటింటికీ ఉంటాయి. గడప ముందు కాళ్ళు తుడుచుకోవడానికి అదే, స్నానాల గది మీద కప్పు అదే, బట్టలుతికే బండ కింద అదే. స్క్రాపు దుకాణంలో కిలోల లెక్కన దొరుకుతుంది. ఉపేందర్ అందులో జానెడు ముక్క కోయించి, చెక్కకు మేకులు కొట్టి బిగించాడు. దాని మీద కర్ర వేస్తే ఇట్టే లేస్తుంది. దేవుడిచ్చిన డ్రమ్మనుకున్నాడు. కాళ్ళతో తొక్కే జంట పెడల్ మాత్రం సెకండ్ హ్యాండ్‌ది తెప్పించి, తల్లి కుట్టిన పాత బొంతను మూటగట్టి, డ్రమ్ముకు బదులు దాని మీద పెడల్ సుత్తి పడేట్టు తొక్కేవాడు.

మణికట్టు కదలకూడదని రెండు చేతులనూ తువ్వాలలతో బెంచీకి కట్టేసుకునేవాడు. ఎడమ చెయ్యి తనే కట్టుకునేవాడు. కుడిది కట్టాలంటే ఇంకో మనిషి కావాలి.

"అవ్వా, జర ఈ చెయ్యి కట్టవా."

కనకవ్వ నొసలు కొట్టుకుంటూ వచ్చి కట్టేది. "ఎవడన్న పెండ్లాంతోని చెయ్యి పట్టిచ్చుకుంటడు. నా కొడుకేమో అవ్వతోని చెయ్యి కట్టిచ్చుకుంటుండు. ఏం జన్మరా ఇది!"

సారవ్వ ఒకనాడు చక్కెర అడగడానికి వచ్చి ఈ వైభోగం కళ్ళారా చూసింది. మనిషి రెండు చేతులూ బెంచీకి కట్టి ఉన్నాయి, వేళ్ళు మాత్రం టకటకలాడుతున్నాయి. చక్కెర మరిచిపోయి వెనక్కి నడిచింది. "అక్కా, పిలగాన్ని దవాఖానల చూపియ్యి. నరాల రోగమున్నట్టుంది" అని కనకవ్వకు గుట్టుగా చెప్పింది. గుట్టుగా అంటే, సాయంత్రానికి క్వార్టర్ల లైనంతా తెలిసింది.

నాలుగేళ్ళు! ఫస్ట్ షిఫ్టైతే మధ్యాహ్నం, సెకండ్ షిఫ్టైతే పొద్దున సాధన. అరవై తాళం దగ్గర మొదలుపెట్టి నెలకు నాలుగో ఐదో పెంచుకుంటూ పోయాడు. బావిలో బెల్టు పక్కన కర్రల్లేకుండా తొడ మీద వేళ్ళాడించేవాడు. నూట అరవై దగ్గర ఏడాది ఆగిపోయాడు. ఆ ఏడాదే రెండు సంబంధాలు వచ్చాయి. ఒకటి బసంత్‌నగర్‌ది, ఒకటి మందమర్రిది. "ఒక్క ఏడాది ఆగుదమవ్వా" అన్నాడు. ఎందుకాగాలో చెప్పలేదు. పెళ్ళి చేసుకున్నాక ఆ పిల్ల కూడా నరాల రోగం అంటే తట్టుకోలేనని అతని భయం. కనకవ్వ అలిగి రెండు రోజులు అన్నం పెట్టి మాట్లాడకుండా ఊరుకుంది.

రెండువందల నలభై అందుకున్న రోజు పొద్దున పదకొండు గంటలు. నాలుగు నిమిషాలు ఆగకుండా కొట్టాడు. ఆ మొండి వేలు కూడా కదిలింది, వేరుగా, దాని పని అది చేస్తూ. ఉపేందర్ కర్రలు కింద పెట్టి ఇల్లంతా చూశాడు. కనకవ్వ కూరగాయలకు పోయింది. బయటికి వచ్చి నిలబడితే సారవ్వ పిండి ఆరబోస్తోంది.

"చిన్నవ్వా, ఇయ్యాల అయింది" అన్నాడు ఆపుకోలేక.

"ఏమైందిరా?"

ఏం చెప్పాలి? "ఏం లేదు" అని లోపలికి పోయాడు. ఆనందం పట్టలేని రోజున చెప్పుకునే మనిషి లేకపోవడం ఉందే, దుఃఖంలో ఒక్కడే ఉండటం కన్నా అది ఎక్కువ కోస్తుంది. ఆ రోజు మధ్యాహ్నం అతను ఏమీ తినలేదు.

వీడియో తీసి ఉజైర్‌కు పంపాడు. ఉజైర్ అంటే హైదరాబాదులో ఉండే గిటారిస్టు. తాతలది మంచిర్యాలే. రెండేళ్ళ కింద ఫోన్లోనే పరిచయం. ఎప్పుడూ కలవలేదు. అతనికో బ్యాండుంది. ఆ బ్యాండు పేరు వేర్లతో సహా పీకిన గరికలా రాసి ఉంటుంది, ఎవడి తరమూ కాదు చదవడం. ఉజైర్ మర్నాడు పొద్దున్నే ఫోను చేశాడు.

"భాయ్, మా డ్రమ్మరు నౌకరొచ్చి బెంగళూరు పోయిండు. వచ్చే నెల షో ఉంది. మూడు పాటలు పంపిస్త. నేర్చుకొని రా, ఒకసారి కూసొని వాయిద్దం. కుదిరితే నువ్వే."

"నేను అసలైన కిట్టు మీద ఎన్నడు కూసోలే ఉజైర్ భాయ్."

"చేతులున్నయి గదా. కిట్టు మాకాడుంది. జల్ది రా."

ఉపేందర్‌కు పేరు అక్కర్లేదు. పైసలు అక్కర్లేదు, ఆ బ్యాండుకు ఉంటే కదా ఇవ్వడానికి! ఇంకో ముగ్గురు మనుషుల మధ్య కూర్చొని, వాళ్ళు వాయిస్తుంటే తనూ వాయించాలి. తను కొట్టే ఒక్కో దెబ్బ మీద ఇంకొకడు అడుగు పెట్టాలి. బతుకులో అతను కోరుకున్నది ఇదొక్కటే. మూడు పాటలూ పదిహేను రోజుల్లో వేళ్ళకెక్కించాడు.

సెలవు పెట్టిన సంగతి తెలిసి కనకవ్వ నిలదీసింది. "ఒక రోజు మస్టరు పోగొట్టుకొని పట్నంల ఏం పనిరా నీకు?"

చెప్పినా అర్థం కాదనుకున్నాడో, అర్థమైతే ఆపుతుందనుకున్నాడో, నోటికొచ్చింది అనేశాడు. "పిల్లను చూడవోతున్నవ్వా."

కనకవ్వ చేతిలో గిన్నె జారింది. "నిజంగనా? ఎవలు చెప్పిన్రు? నేను గూడ వస్త ఉండు!"

"బావికాడ దోస్తు చెప్పిండు. ముందుగాల నేనొక్కన్నే చూసొస్త."

పెళ్ళిచూపులకు ఒక్కడే పోవడమేమిటని ఏ తల్లైనా అడుగుతుంది. కనకవ్వ అడగలేదు. గట్టిగా అడిగితే ఆ మాట కూడా వెనక్కి పోతుందేమోనని ఆమె భయం. బజారుకు పోయి కిలో బాలూషాహి మిఠాయి తెచ్చింది. నీలం చొక్కా ఇస్త్రీ చేయించింది. తెల్లారకముందే లేచి బొట్టు పెట్టి పంపింది. రామగుండం స్టేషన్‌లో బండెక్కి, ఒళ్ళో మిఠాయి డబ్బా పెట్టుకొని, ఉపేందర్ తనను తానే తిట్టుకున్నాడు. కర్రలు సంచిలో ఉన్నాయి.

అది ఒక అపార్ట్‌మెంటు సెల్లారులో గది. గోడలకు పరుపులు కొట్టారు. ఉజైర్, ఇంకో గిటారు అతను, పాడే అతను. ముగ్గురూ నల్ల బనీన్లు వేసుకొని ఉన్నారు, మనవాడు ఇస్త్రీ చేసిన నీలం చొక్కాతో, బొట్టుతో దిగాడు. మిఠాయి డబ్బా చూసి ఉజైర్ పడిపడి నవ్వాడు. "అరె భాయ్, మా జిందగీల మొదటిసారి డ్రమ్మరు మిఠాయి పట్టుకొచ్చిండు!" అందరూ తిన్నారు. పాడే అతను నాలుగు తిన్నాడు.

ఉపేందర్ డ్రమ్ముల వెనక కూర్చున్నాడు. ముందు కాసేపు ఒక్కో డ్రమ్మునూ తట్టి చూశాడు. కాళ్ళ మధ్య ఉండే స్నేర్ డ్రమ్ము మీద కర్ర చక్కగా లేస్తోంది. సరేనన్నాడు. ఉజైర్ నాలుగు లెక్కపెట్టాడు.

ఇక్కడ కాసేపు నన్ను ఆగనివ్వండి. ఎందుకంటే తర్వాతది చెప్పడం నాకిష్టం లేదు.

రెండు నిమిషాలు! రెండు చేతులూ స్నేర్ మీద సెకనుకు ఎనిమిదేసి దెబ్బలు వేస్తున్నాయి. కాళ్ళు కింద ఉరుకుతున్నాయి. ఉజైర్ గిటారు సరిగ్గా ఆ దెబ్బల మీదే వచ్చి కూర్చుంటోంది. ఇన్నేళ్ళు చెవిలో విన్న హోరు ఇప్పుడు గదినిండా ఉంది, దాని కింద లెక్కపెడుతున్నది తను. పాడే అతను వెనక్కి తిరిగి, కళ్ళు పెద్దవి చేసి, భేష్ అన్నట్టు తలూపాడు. ఉపేందర్‌కు నవ్వొచ్చింది. వాయిస్తూనే నవ్వాడు. బతుకులో మొదటిసారి ఒక గదిలో అతను ఒక్కడే లేడు.

తర్వాత పాటలో మలుపు వచ్చింది. అక్కడ రెండు చేతులూ స్నేర్ వదిలి, కుడిపక్కన మూడు కాళ్ళ మీద నిలబడే పెద్ద డ్రమ్ము మీదికి పోవాలి. అదే వేగంతో నిమిషం సేపు. బరువైన మోత రావాలని దాని తోలు వదులుగా బిగించారు. కర్ర పడింది. లేవలేదు.

వేళ్ళు లాగడానికి సిద్ధంగా ఉన్నాయి, కానీ లేస్తే కదా లాగేది? రెండో దెబ్బ ఆలస్యమైంది, మూడోది మునిగింది. మణికట్టుతో ఎత్తబోయాడు. నాలుగేళ్ళు తువ్వాలతో కట్టేసిన మణికట్టది, ఆ వేగంలో ఎట్లా లేస్తుంది? పది సెకన్లలో చెయ్యి బిగుసుకుపోయింది. కాళ్ళు మాత్రం ఆగకుండా, తప్పకుండా పోతూనే ఉన్నాయి. చేతుల్లేని కాళ్ళ చప్పుడు విని ఒక్కొక్కరే ఆపేశారు.

"క్యా హువా భాయ్? ఇప్పటిదాంక మస్తు వచ్చింది గదా."

"కర్ర లేస్తలేదు."

మళ్ళీ కొట్టారు. మళ్ళీ అక్కడే. ఐదుసార్లు. ఐదోసారి ఎడమచేతి కర్ర జారి గోడకు తగిలింది.

"ఇంట్ల దేని మీద కొడ్తవ్?" అని ఉజైర్ మెల్లగా అడిగాడు.

"బెల్టు ముక్క మీద. బావిల బొగ్గు మోసే బెల్టు."

"కాళ్ళు?"

"బొంత మీద."

ఉజైర్ కిందపడ్డ కర్ర తీసి స్నేర్ మీద ఊరికే వదిలాడు. అది నాలుగైదుసార్లు ఎగిరింది. పెద్ద డ్రమ్ము మీద వదిలాడు. ఒక్కసారి కదిలి పడుకుంది. ఉపేందర్‌కు అప్పటికే అర్థమైపోయింది. బొంత ఏమీ తిరిగి ఇవ్వదు కాబట్టి కాళ్ళు మొత్తం పని నేర్చుకున్నాయి. చేతుల పని సగం బెల్టే చేసిపెట్టింది. అంతా తనే చేస్తున్నానని నాలుగేళ్ళు మురిశాడు.

"షో ఇరవై రోజులల్ల ఉంది" అన్నాడు ఉజైర్. "అప్పటికి చేతులు మారయి భాయ్. ఇంకొకన్ని చూసుకుంటం. బురా మత్ మానో, ఏమనుకోకు. ఈ రాత్రికి మా ఇంట్ల పండుకో, పొద్దున పోదువు."

"ఫికర్ లేదు, బండుంది" అన్నాడు. బండి లేదు. వాళ్ళు వెక్కిరించినా బాగుండేది, కోపమన్నా వచ్చేది. పాడే అతను ఖాళీ మిఠాయి డబ్బా మూతపెట్టి చేతికిచ్చాడు. ఉపేందర్ సికింద్రాబాదు స్టేషన్‌లో తెల్లారేదాకా కూర్చొని మొదటి బండెక్కాడు.

ఇంటికి వచ్చేసరికి కనకవ్వ గడపలో బియ్యం ఏరుతోంది. కొడుకు ముఖం చూసి చాట పక్కన పెట్టింది.

"ఏమాయె బిడ్డా?"

"కాలేదవ్వా."

"నీకు నచ్చలేదా?"

చెప్పేద్దామని నోరు తెరిచాడు. కానీ ఎక్కడ మొదలుపెట్టాలి? ఆ హోరు కింద వినిపించేదేమిటో ముందు చెప్పాలి. నాలుగేళ్ళు చెయ్యి కట్టిన తల్లికి ఆ కట్టడమే తప్పయిందని చెప్పాలి. అతని వల్ల కాలేదు.

"నాకు నచ్చిన్రు. నేనే వాళ్ళకు నచ్చలే" అన్నాడు.

అనగానే ఏడుపొచ్చేసింది. ముప్ఫై మూడేళ్ళ మనిషి, తండ్రి పోయిన రోజు కూడా అంత ఏడవలేదు, గడప మీద కూలబడి వెక్కివెక్కి ఏడ్చాడు. కనకవ్వ అదిరిపోయింది.

"ఓ నా కొడుకా! ఏం వంక పెట్టిన్రురా వాళ్ళు?"

"చేతులు."

"చేతులా?" ఆమె రెండు చేతులూ లాక్కొని తిప్పి చూసింది. చూపుడువేళ్ళ పక్కన కాయలు కాసి గట్టిపడ్డాయి. "ఈ చేతులకేమాయెరా? కష్టం చేసిన చేతులు గిట్లనే ఉంటయి. మీ అయ్యయి గిట్లనే ఉండె, నేను వంక పెట్టిన్నా? మిఠాయి తిన్నరా?"

"తిన్నరు."

"కిలో మిఠాయి మింగి చేతులకు వంక పెట్టిన్రా! వాళ్ళ దుంపదెగ!"

సారవ్వ ఆ గొంతు విని ఉరికొచ్చింది. సంగతి విని తనూ గడప మీద చతికిలబడింది. "పట్నపోళ్ళకేం తెలుసు అక్కా మనిషి విలువ! పిలగాడు బంగారం. ఓ టకటక కొట్టుకుంటడు గని, ఒక్కనాడు ఒకల జోలికి పోయిండా?" అని కొంగుతో కళ్ళు తుడుచుకుంది. నాలుగేళ్ళలో ఆ టకటక గురించి ఆమె అన్న మొదటి మంచి మాట అదే. మధ్యాహ్నం డ్యూటీకి పోతే హాజరు వేసే మస్టరు దగ్గర నలుగురు భుజం తట్టారు. "పోనీ తమ్మీ, అంతకన్న మంచి పిల్ల దొరుకుతది" అన్నారు. కాలనీ కాలనీ అతని వెంట నిలబడింది. అతను పోగొట్టుకున్నదేమిటో అందులో ఒక్కరికీ తెలియదు.

మర్నాడు పొద్దున కనకవ్వ మంచినూనె వేడిచేసి కొడుకు చేతులు ముందేసుకొని కూర్చుంది. ఒక్కో వేలూ మెల్లగా మర్దన చేస్తూ అడిగింది.

"ఎట్లుండెరా అక్కడ? కడుపుల పెట్టుకోకు, నాకన్న చెప్పు."

ఉపేందర్ ఆలోచించాడు. అబద్ధం లేకుండా చెప్పగలిగింది ఎంతుందో చూసుకున్నాడు.

"మంచిగనే ఉండెనవ్వా. ముగ్గురున్నరు. నన్ను నడుమ కూసోబెట్టిన్రు. ముందుగాల అంతా కుదిరింది. నేను గూడ వాళ్ళల్ల ఒకన్నే అనిపించింది. ఒకాయన నన్ను చూసి తలకాయ గూడ ఊపిండు."

"ఎంతసేపు?"

"రెండు నిమిషాలు."

"రెండు నిమిషాలకేనారా ఇంతగనం ఏడ్చినవ్?"

"అవునవ్వా," అన్నాడు. "రెండు నిమిషాలకే."